కంచం నిండా పెట్టినా

పోయిన నెలలో మా పెద్దమ్మ కొడుకు గృహప్రవేశం జరిగింది. పూజ రోజు ఇల్లంతా పులిహోర వాసనే. మరుసటి రోజు రాత్రి మాత్రం మగవాళ్లు కొందరు డాబా మీదికి చేరారు. కింద వంటగదిలో మేము కోడి వేపుడు, వేయించిన పల్లీలు, ఉడికించిన గుడ్లు పళ్లాల్లో సర్ది పైకి పంపుతున్నాం. ఒక పళ్లెం నేనే పట్టుకుని వెళ్లాను. వరుసకు మా చెల్లెలి భర్త, ముప్పై అయిదేళ్లవాడు, బాగా చదువుకున్నవాడు, పళ్లెం అందుకుంటూ అన్నాడు: "ఇంకొంచెం వేపుడు పంపించండి వదినగారూ. కడుపు నిండా తింటూ తాగితే లివర్‌కు ఏమీ కాదు. తిండి లేకుండా తాగేవాళ్లకే ఆ జబ్బులన్నీ."

అక్కడున్న ఏడెనిమిది మందిలో ఒక్కరూ కాదనలేదు. నేనూ అనలేదు. పళ్లెం పెట్టి దిగి వచ్చాను. కింద మా పిన్ని గుడ్ల పెంకులు తీస్తోంది. సరిగ్గా ఆ మాటనే నమ్మి దాదాపు ముప్పై ఏళ్లు రోజూ రాత్రి ఇదే పని చేసిన మనిషి. బాబాయి పోయి మూడేళ్లయింది.

ఆ రాత్రి డాబా మీద చెప్పలేకపోయిన జవాబు ఇక్కడ రాస్తున్నాను. నేను డాక్టరును కాను. ఇంటర్మీడియట్ పిల్లలకు జంతుశాస్త్రం చెబుతాను. కణం పాఠం వచ్చినప్పుడల్లా మైటోకాండ్రియా బొమ్మ వేసి పక్కన "కణశక్త్యాగారం" అని రాయిస్తాను. ఆ బొమ్మకూ మా బాబాయి కంచానికీ ఉన్న సంబంధం ఆయన పోయాక గాని నాకు తట్టలేదు. ఆ ఆలస్యం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

బాబాయి పద్ధతి

బాబాయిని తాగుబోతు అని ఎవరూ అనలేదు. ఆఫీసు మానలేదు, అప్పు చేయలేదు, ఇంట్లో గొంతు పెంచలేదు. రాత్రి ఎనిమిదింటికి ఒక క్వార్టరు తెరిచేవారు. అంతకు మించి ఏనాడూ తాగలేదు, తక్కువా తాగలేదు. పక్కన వేపుడో, చేపలో, కనీసం రెండు గుడ్లో ఉండాలి. వారానికి ఒకసారైనా మేక కార్జం. "కార్జం తింటే కార్జానికి బలం" అని పిన్నికి వాళ్ల అమ్మ చెప్పింది. ఆ తర్వాత నెయ్యి వేసిన అన్నం. డబ్బు ఇబ్బంది ఉన్న నెలల్లో పిన్ని తన పాలు మానేసి ఆయన గుడ్లు మాత్రం తగ్గనివ్వలేదు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డప్పుడు, 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా నిషేధం వచ్చినప్పుడు మా ఇంట్లో అందరూ సంతోషించారు, బాబాయితో సహా. సారా పేదవాళ్లను చంపే విషమని, తాను తాగేది కంపెనీ సరుకని ఆయన నమ్మకం. కల్తీ సారాలో మిథనాల్ కలిస్తే చూపు పోతుంది, ప్రాణమూ పోతుంది. అది వేరే సంగతి. కాలేయాన్ని ఏళ్ల తరబడి తినేసే పదార్థం మాత్రం సారాలోనూ, ఖరీదైన విస్కీలోనూ ఒక్కటే, ఇథనాల్. మంచి సరుకు, మంచి తిండి అనే ఈ రెండు నమ్మకాలూ ఆయనకు రెండు గోడల్లాగా ఉండేవి. ఆ రెండింటి మధ్య తనకేమీ కాదనుకున్నారు. మేమందరమూ అనుకున్నాం.

శాస్త్రవేత్తలూ ఒకప్పుడు ఇదే అన్నారు

మా మరిదిని ఒక్క మాటలో కొట్టిపారేయడం అన్యాయం అవుతుంది. ఎందుకంటే ఆయన అన్న మాటే ఒకప్పుడు వైద్యశాస్త్రం అన్నది. ఇన్సులిన్ కనిపెట్టినవారిలో ఒకరైన చార్లెస్ బెస్ట్, తన సహచరులతో కలిసి ఎలుకల మీద ప్రయోగాలు చేసి 1949లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక పరిశోధన ప్రచురించారు. కాలేయ కణాల మీద ఆల్కహాలుకు ప్రత్యేకంగా విష ప్రభావం ఉందనడానికి చక్కెరకు ఉన్నంత ఆధారమే ఉందన్నది అందులోని సారాంశం. తాగేవాళ్లు సరిగా తినరు, పోషకాలు అందక కాలేయం చెడుతుంది, తిండి సరిచేస్తే చాలు అని చాలామంది వైద్యులు చాలా ఏళ్లు అనుకున్నారు.

ఆ నమ్మకాన్ని కదిలించినవారిలో ముఖ్యుడు న్యూయార్క్‌లోని బ్రాంక్స్ వెటరన్స్ ఆసుపత్రిలో పనిచేసిన చార్లెస్ లీబర్. 1960ల్లో ఆయన, ఇమాన్యుయెల్ రూబిన్ కలిసి, తాగుడు వ్యసనం లేని వాలంటీర్లకు మంచి పోషకాహారం ఇస్తూనే ఆల్కహాలు కూడా ఇచ్చి, కాలేయపు ముక్కలు తీసి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద చూశారు. కొద్ది రోజుల్లోనే కణాల్లో కొవ్వు చేరింది, మైటోకాండ్రియా ఉబ్బి ఆకారం తప్పాయి. తిండికి లోటు లేదు. 1974లో బబూన్ కోతుల మీద చేసిన ప్రయోగంలో, పోషకాలున్న ఆహారం తింటున్న జంతువుల్లో కొన్నింటికి సిర్రోసిస్, అంటే కాలేయమంతా మచ్చలు పడి గట్టిపడే జబ్బు కూడా వచ్చింది. ఈ కోతుల ప్రయోగాల మీద తర్వాత వాదాలు నడిచాయి. ఆ ఆహారంలో కోలీన్ అనే పోషకం కోతులకు చాలినంత ఉందా అని కొందరు ప్రశ్నించారు. ఆ ప్రశ్నలో బలం లేదని నేననను. కానీ మనుషుల కాలేయంలో మైటోకాండ్రియా కొద్ది రోజుల్లోనే మారిపోయిన సంగతిని కోలీన్ వాదం తుడిచేయలేదు.

నాకు ఇందులో బాగా తగిలిన విషయం ఒకటుంది. శాస్త్రం ఆ అభిప్రాయాన్ని వదిలేసి యాభై ఏళ్లు దాటింది. మన డాబాల మీద అది ఇంకా పళ్లెంలో వడ్డించుకుంటున్నాం.

తెల్లవారుజాము దాకా

మన దేశంలో అమ్మే విస్కీ, బ్రాందీల్లో మామూలుగా 42.8 శాతం ఆల్కహాలు ఉంటుంది. 180 మిల్లీలీటర్ల క్వార్టరులో లెక్క వేస్తే దాదాపు 60 గ్రాముల స్వచ్ఛమైన ఆల్కహాలు. ఒంట్లోకి వచ్చిన పిండిపదార్థాన్ని గ్లైకోజెన్‌గా దాచుకుంటాం, కొవ్వును కొవ్వుగా దాచుకుంటాం. ఆల్కహాలును దాచే చోటు లేదు. మండించి వదిలించుకోవలసిందే. అందులో నూటికి తొంభై పాళ్లకు పైగా కాలేయం మీద పడుతుంది. సాధారణంగా గంటకు ఏడు నుంచి పది గ్రాములు. అంటే బాబాయి రాత్రి ఎనిమిదిన్నరకు ముగించిన క్వార్టరు పని కాలేయంలో తెల్లవారుజామున మూడు, నాలుగు గంటల దాకా సాగేది. ఆయన నిద్రపోయేవారు.

ఆ పని రెండు అంచెల్లో జరుగుతుంది. మొదటి అంచె కణద్రవ్యంలో. ఆల్కహాలు అక్కడ ఎసిటాల్డిహైడ్ అవుతుంది. అసలు ఆల్కహాలుకన్నా ఇది చాలా చెడ్డది, ప్రోటీన్లకు అతుక్కుని వాటిని పనికిరాకుండా చేస్తుంది. రెండో అంచె ముఖ్యంగా మైటోకాండ్రియా లోపల. అక్కడి ఎంజైము దాన్ని ఎసిటేట్‌గా మారుస్తుంది. రెండు అంచెల్లోనూ ఎన్‌ఏడీ అనే వాహకం హైడ్రోజన్‌ను మోసుకుపోతుంది. దించుకోవలసిన చోటు మళ్లీ మైటోకాండ్రియానే. తాగిన రాత్రి ఈ నిండు బండ్లు అక్కడ బారులు తీరి నిలబడతాయి. ఖాళీ బండ్లు దొరకవు. ఖాళీ బండ్లు లేకపోతే ఆగిపోయే మొదటి పనుల్లో ఒకటి కొవ్వును కాల్చడం.

ఇక్కడే నేను పాఠం ఆపి పిన్ని వంటింటి వైపు చూస్తాను. కార్జానికి బలమని వేసిన నెయ్యి, వేపుడులో నూనె, ఇవన్నీ సరిగ్గా కొవ్వును కాల్చే దారి మూసుకున్న సమయంలోనే కాలేయానికి చేరుతున్నాయి. కాలని కొవ్వు కణంలోనే చుక్కలు చుక్కలుగా పేరుకుంటుంది. బాబాయి స్కానింగులో మొదటిసారి "ఫ్యాటీ లివర్" అని వచ్చినప్పుడు, బలహీనంగా ఉన్నారేమోనని ఇంకో గుడ్డు పెంచారు.

ఇది ఒక రాత్రి కథ. ఏళ్లు గడిచేకొద్దీ కథ మారుతుంది. రోజూ వచ్చే ఆల్కహాలుకు తట్టుకోవడానికి కణం ఇంకో ఎంజైమును పెంచుకుంటుంది, దాని పేరు సీవైపీ2ఈ1. ఇది పనిచేసే దారిని 1968లో లీబర్, లియోనోర్ డెకార్లీ వర్ణించారు. దీనితో ఆల్కహాలు త్వరగా ఖర్చవుతుంది. "కెపాసిటీ పెరిగింది" అని తాగేవాళ్లు గర్వంగా చెప్పుకునే దానిలో కొంత భాగం ఇదే. మిగిలినది మెదడు అలవాటు పడటం. ఈ ఎంజైము పనిచేస్తూ చురుకైన ఆక్సిజన్ అణువుల్ని చిమ్ముతుంది, అవి తగిలిన దాన్నల్లా కాలుస్తాయి. పైగా కాలేయానికి ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది. రక్తం వచ్చే దారికి దూరంగా, కాలేయపు గుళికల నడిమి సిర చుట్టూ ఉన్న కణాలకు అది చాలదు. దెబ్బ కనిపించేది ముందుగా అక్కడే.

మైటోకాండ్రియాకు సొంత డీఎన్‌ఏ ఉంటుందని పిల్లలకు చెబుతాం. 16,569 క్షార జతల చిన్న ఉంగరం. కేంద్రకంలోని డీఎన్‌ఏకు ఉన్నట్టు హిస్టోన్లు అనే ప్రోటీన్ల కవచం దానికి లేదు, ఆ చురుకైన ఆక్సిజన్ నిప్పురవ్వలు పుట్టే చోటికి పక్కనే ఉంటుంది. అది తయారు చేయించే ప్రోటీన్లు పదమూడే, కానీ అవి లేకపోతే కణానికి శక్తినిచ్చే శ్వాసక్రియ గొలుసు నడవదు. ఎక్కువ కాలం ఆల్కహాలు పట్టించిన ఎలుకల కాలేయంలో ఈ గొలుసులోని ఒకటి, మూడు, నాలుగు సముదాయాలు, కణం ఖర్చు పెట్టుకునే శక్తి అణువు ఏటీపీని తయారుచేసే అయిదోది తగ్గిపోతాయి. రెండోది మాత్రం దాదాపు అలాగే నిలుస్తుంది. ఆ పదమూడింటిలో ఒక్క ప్రోటీను కూడా అవసరం లేనిది ఆ రెండో సముదాయమే. మొదటిసారి ఇది చదివినప్పుడు పుస్తకం మూసి కాసేపు కూర్చుండిపోయాను. దొంగ వేలిముద్ర వదిలి వెళ్లినట్టుంది: దెబ్బ పడింది ఆ పదమూడు ప్రోటీన్లు తయారయ్యే దారి మీదనే. 1990ల్లో ఫ్రెంచి పరిశోధకులు, కాలేయంలో సన్న చుక్కల కొవ్వు చేరిన మద్యపానుల్లో, మామూలుగా ముసలితనంలో కనిపించే మైటోకాండ్రియా డీఎన్‌ఏ తెగుడు చూశారు. కొందరి కణాల్లో మైటోకాండ్రియా మామూలు మైక్రోస్కోపుకే కనిపించేంత పెద్దవవుతాయి.

తలుపు దగ్గర ఆగిన సాయం

మా మరిది మాటకు అసలు జవాబు ఇక్కడ ఉందని నా అభిప్రాయం. అందుకే ఇది కొంచెం నిదానంగా చెబుతాను.

ఆ నిప్పురవ్వల్ని ఆర్పడానికి కణానికి గ్లూటాథయోన్ అనే చిన్న అణువు ఉంది. మాంసం, గుడ్లు, పప్పుల నుంచి వచ్చే ఎమైనో ఆమ్లాలతోనే అది తయారవుతుంది. కాబట్టి మంచి తిండితో రక్షణ వస్తుందన్న ఊహలో తర్కం లేకపోలేదు. అయితే మైటోకాండ్రియా గ్లూటాథయోన్‌ను స్వయంగా తయారు చేసుకోలేవు. బయట కణద్రవ్యంలో తయారైన దాన్ని పొరల గుండా లోపలికి తీసుకోవలసిందే. దీర్ఘకాలం తాగిన కాలేయంలో మైటోకాండ్రియా పొరలో కొలెస్ట్రాల్ చేరి, ఆ పొర బిరుసెక్కుతుంది. గ్లూటాథయోన్ లోపలికి పోయే దారి మందగిస్తుంది. బయట సరుకు ఉన్నా లోపల కరువు మొదలవుతుంది. ఇది ప్రయోగశాల జంతువుల్లో, జబ్బు పైకి కనిపించక ముందే చూసిన మార్పు.

పిన్ని పెట్టిన గుడ్లు కణం దాకా చేరాయి. చేరవలసిన చివరి గది తలుపు ఆయన తాగినదే మూసింది. మందుల దుకాణాల్లో అమ్మే లివర్ టానిక్కుల విషయంలోనూ నాకు ఇదే గుర్తుకొస్తుంది. తాగుడు కొనసాగిస్తూ వాటిని మింగేవాళ్లను నేను చాలామందిని చూశాను. బాబాయి బీరువాలో ఆయన పోయాక కూడా రెండు సీసాలు ఉన్నాయి.

నాకు ఎదురొచ్చే మాటలు

తిండితో తాగడం వల్ల ఏ మేలూ లేదా? ఉంది. కడుపులో తిండి ఉంటే ఆల్కహాలు పేగుల్లోకి నెమ్మదిగా దిగుతుంది, రక్తంలో ఒక్కసారిగా పెరగదు. మత్తు తక్కువ, తెల్లవారి తలనొప్పీ తక్కువ. ఈ నమ్మకం పుట్టింది ఇక్కడేనని నాకు అనిపిస్తుంది. ఒంటికి తెలిసే బాధ తగ్గింది కాబట్టి ఒంటికి తెలియని బాధ కూడా తగ్గిందనుకుంటాం. కాలేయం నొప్పి చెప్పే అవయవం కాదు. నెమ్మదిగా వచ్చినా ఆ 60 గ్రాముల్లో దాదాపు అంతా అది కాల్చవలసిందే.

రెండో మాట ఇంకా బలమైనది. ఎక్కువగా తాగేవాళ్లలో దాదాపు అందరికీ ఫ్యాటీ లివర్ వచ్చినా, సిర్రోసిస్ దాకా వెళ్లేది నూటికి పది, ఇరవై మందే. మా ఊళ్లో బాబాయికన్నా ఎక్కువ తాగి ఎనభై ఏళ్లు బతికినవారు ఉన్నారు. జన్యువులు, స్థూలకాయం, మధుమేహం, హెపటైటిస్ వైరస్‌లు, అన్నీ కలుస్తాయి. ఆడవాళ్లకు తక్కువ తాగినా ఎక్కువ నష్టం. ఎవరు ఆ పదిమందిలో ఉంటారో ముందుగా చెప్పే పరీక్ష ఏదీ మా మరిది చేతిలో లేదు.

మూడో మాట నన్ను నిజంగా ఆలోచింపజేసింది. ఎలుకల్లో ఆల్కహాలు మైటోకాండ్రియా శ్వాసను తగ్గిస్తే, చుంచెలుకల్లో కొన్ని ప్రయోగాల్లో అది పెరిగింది. కణం సర్దుకుంటోందని, పెద్దవైన మైటోకాండ్రియా కూడా రక్షణ ప్రయత్నమే కావచ్చని కొందరు పరిశోధకుల ఆలోచన. మనిషి కాలేయం ఏ దారిలో ఎంత దూరం పోతుందో ఒక్క బొమ్మ వేసి చెప్పలేం. నేను పైన రాసినదంతా ఒకే వరుసలో జరిగిపోతుందని అనుకోవద్దు. అయితే సర్దుబాటు అన్న మాటలో నాకు ఊరట దొరకలేదు. బాబాయి రక్తపరీక్షలు చాలా ఏళ్లు మామూలుగానే వచ్చాయి. చివరికి, కాలేయ కణాలు దెబ్బతింటే రక్తంలోకి వచ్చే రెండు ఎంజైములు, ఎస్‌జీఓటీ 168, ఎస్‌జీపీటీ 61 వచ్చాయి. మొదటిది రెండోదానికి రెండింతలు దాటితే డాక్టర్లు మద్యాన్ని అనుమానిస్తారు. కాలేయంలోని ఎస్‌జీఓటీలో ఎక్కువ భాగం మైటోకాండ్రియాలో ఉంటుంది, ఎస్‌జీపీటీ ఎక్కువగా కణద్రవ్యంలో. బి6 విటమిన్ లోపం వంటి కారణాలూ ఆ తేడాలో ఉన్నాయి. కానీ ఆ కాగితం మీద మొదటి అంకె చూసినప్పుడల్లా, ఎంత లోపలి గది నుంచి అది బయటికొచ్చిందో అనుకుంటాను.

ఇంతా రాసి భయపెట్టి వదలడం నా ఉద్దేశం కాదు. మానేస్తే ఫ్యాటీ లివర్ చాలామందిలో కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. దెబ్బతిన్న మైటోకాండ్రియాను కణం తనే ఏరి జీర్ణం చేసుకుని కొత్తవి చేసుకుంటుంది. సిర్రోసిస్ వచ్చాక మచ్చలు పూర్తిగా పోకపోవచ్చు గాని, అప్పుడు మానినవారు కూడా మాననివారికన్నా ఎక్కువ కాలం బతుకుతారు. అంత శక్తి ఉన్న అవయవానికి ఇంకో గుడ్డు ఇస్తాం, ఒక్క రాత్రి విశ్రాంతి ఇవ్వం.

పథ్యం

తిండి గురించి మన ఆలోచన ఎంత తలకిందులైందో నాకు బాబాయి ఆఖరి నెలల్లో తెలిసింది. కళ్లు పచ్చబడగానే ఇంట్లో పథ్యం మొదలైంది. తాగుతున్నన్నాళ్లు కంచం నిండా పెట్టినవాళ్లం, తాగడం ఆగిన రోజు నుంచి కంచం ఖాళీ చేశాం. గుడ్లు లేవు, పప్పు లేదు, నూనె చుక్క లేదు. చప్పిడి జావ, మజ్జిగన్నం. ఎవరో పక్క ఊరి నుంచి పసరు తెచ్చిపోశారు. సాయంత్రం ఏడింటికల్లా తిండి ముగించేయాలి. పొట్ట నీరు పట్టి ఉబ్బుతుంటే, భుజాల మీది కండ కరిగిపోయి చొక్కా వేలాడేది.

నీరు పట్టినప్పుడు ఉప్పు తగ్గించమనడం సరైనదే. మిగిలినదంతా వ్యతిరేకం. ముదిరిన కాలేయవ్యాధిలో గ్లైకోజెన్ నిల్వలు ఉండవు. ఒక్క రాత్రి ఉపవాసం, ఆరోగ్యవంతుడు రెండు మూడు రోజులు పస్తున్నంత. శరీరం తన కండనే కరిగించుకుని పూట గడుపుతుంది. అందుకే ఇప్పుడు నిపుణులు రోజుకు శరీర బరువులో కిలోకు 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రోటీను ఇమ్మంటారు, పడుకునే ముందు ఏదో ఒకటి తప్పకుండా తినిపించమంటారు. తిండి మందుగా పనిచేసే దశ ఏదైనా ఉంటే అది ఇదే. మాకు ఈ మాట ఎవరూ చెప్పలేదు. మేమూ అడగలేదు.

గృహప్రవేశం నుంచి తిరిగి వస్తూ బస్సులో పిన్ని పక్కన కూర్చుని, డాబా మీది మాట, 1949 నాటి మాట, తలుపు మూసుకోవడం, అన్నీ నాకు చేతనైనట్టు చెప్పాను. పథ్యం సంగతి మాత్రం చెప్పలేదు. చాలాసేపు విని అడిగింది:

"అంటే నేను పెట్టింది చాలక కాదన్నమాట."

"కాదు పిన్నీ."

"మూడేళ్లుగా అదే అనుకుంటున్నాను." కాసేపాగి, నేను దాచిన చోటికే వచ్చింది. "చివర్లో రాత్రి పదింటప్పుడు అరటిపండు అడిగేవారు. పథ్యం చెడుతుందని ఇచ్చేదాన్ని కాదు. ఇవ్వవలసిందా?"

అబద్ధం చెప్పలేకపోయాను. ఇవ్వవచ్చని చెప్పాను. అప్పటికి ఒక్క అరటిపండుతో జబ్బు తిరిగేది కాదని కూడా చెప్పాను. రెండూ నిజాలే. ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుంది. తర్వాత నా వైపు తిరిగి, "ఆ అబ్బాయికి ఇదంతా చెప్పావా?" అంది.

"లేదు పిన్నీ. అంతమందిలో ఏం చెబుతాను?"

"ఫోను చేసి చెప్పు. నా మాటగా చెప్పు. మీ పిన్ని ముప్పై ఏళ్లు పెట్టి చూసిందని చెప్పు."